తెర మీది దేవుడు: దర్శనమా, శ్రవణమా?

పాత పౌరాణిక చిత్రాన్ని గ్రంథాలయంలో ఉచితంగా ప్రదర్శించడం పైకి చిన్న కార్యక్రమమే. ఒక హాలు, తెర, ప్రొజెక్టరు, వరసగా వేసిన కుర్చీలు ఉంటే చాలు. అయితే తెర మీదికి రాముడో కృష్ణుడో వేంకటేశ్వరుడో వచ్చి, చూసేవారిలో కొందరి చేతులు వాటంతటవే జోడించుకున్నప్పుడు అది మతానికీ తత్త్వానికీ సంబంధించిన విషయమవుతుంది. అక్కడ జరుగుతున్నది దైవదర్శనమా, పురాణశ్రవణమా, ఉత్త కాలక్షేపమా? డబ్బు తీసుకోకపోవడం వల్ల ఆ చూపులో ఏమైనా మారుతుందా? అన్ని మతాలవారి పన్నుతో నడిచే గ్రంథాలయానికి ఆ పని తగునా? తెలుగునాట సినిమాకూ భక్తికీ తొంభై ఏళ్లు దాటిన పొత్తు ఉంది కనుక ఈ ప్రశ్నలకు జవాబులు శాస్త్రగ్రంథాల్లోనూ వీధుల్లోనూ కూడా దొరుకుతాయి.

హైదరాబాదుకు తూర్పున, విజయవాడ రహదారి మీద ఉన్న దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ఈ చర్చకు తగిన చోటు. లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టుకున్న ఎల్బీనగర్‌కు 2018 సెప్టెంబరు 24న మెట్రో రైలు వచ్చింది. అంతకు చాలా ముందు నుంచే అది నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం, కృష్ణా జిల్లాల వైపు వెళ్లే బస్సులు ఆగే కూడలి. ఆ జిల్లాల నుంచి వచ్చి కాలనీల్లో ఇళ్లు కట్టుకున్నవారు, కోచింగ్ సెంటర్ల కోసం వచ్చి హాస్టళ్లలో ఉండే ఉద్యోగార్థులు ఇక్కడి జనాభాలో పెద్ద భాగం. గురువారం వస్తే దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడి ముందు వరసలు కడతారు. కొత్తపేటలో అష్టలక్ష్మి గుడి ఉంది. కోణార్క్, వెంకటాద్రి అనే సినిమా హాళ్ల పేర్లు ఇక్కడ దారి చెప్పడానికి గుర్తులయ్యాయి. గుడి, బడి, సినిమా హాలు ఒకే రోడ్డు మీద పక్కపక్కన ఉన్న ప్రాంతమిది.

ఊళ్ల నుంచి నగరానికి వచ్చినవారు తమతో తెచ్చుకున్న ఆచారాల్లో ఉచిత సినిమా ఒకటి. వినాయక చవితి పందిరి ముందు, శ్రీరామనవమి చలువ పందిరి పక్కన, రోడ్డుకు అడ్డంగా తెల్లగుడ్డ కట్టి సినిమా వేయడం తెలుగు ఊళ్లన్నింటికీ తెలిసిన సంగతి. మొదట 16 ఎంఎం ప్రొజెక్టర్లతో, తర్వాత వీసీఆర్ అద్దెకు తెచ్చి రాత్రంతా రెండు మూడు సినిమాలు వేసేవారు. గుడ్డకు ఇవతల చోటు దొరకనివారు అవతల కూర్చునేవారు. వాళ్లకు బొమ్మ కుడి ఎడమలు తారుమారై కనిపించేది, రాముడు ఎడమచేత్తో బాణం వేసేవాడు. అయినా కథ కథే. చందా ఇచ్చినవారూ ఇవ్వనివారూ ఒకే చాప మీద కూర్చున్నారు. ఆ సినిమా ఉత్సవంలో భాగమా, ఉత్సవం అయ్యాక జరిగే వినోదమా అని ఎవరూ గీత గీయలేదు. గ్రంథాలయంలో అదే చిత్రం వేసినప్పుడు పందిరి ఉండదు, విగ్రహం ఉండదు, హారతి ఉండదు. చిత్రం ఒక్కటే మిగులుతుంది. అందుకే ఈ ప్రశ్నను విడిగా చూడటానికి గ్రంథాలయమే అనువైన చోటు.

ఆగమశాస్త్రం ప్రకారం జవాబు నిక్కచ్చిగా ఉంటుంది. శిల్పి చెక్కిన రాయి ప్రాణప్రతిష్ఠ జరిగేదాకా శిల్పమే. మంత్రంతో ఆవాహన చేయాలి, నేత్రోన్మీలనంతో కళ్లు తెరిపించాలి. ఆ తర్వాతే భక్తుడు దేవుణ్ణి చూస్తాడు, దేవుడూ భక్తుణ్ణి చూస్తాడు. దర్శనంలో ఈ రెండో చూపే ముఖ్యం. భక్తుడు గుడికి వెళ్లేది తాను చూడటానికి ఎంతో, తనను స్వామి చూడాలని అంతే. తెర మీది బొమ్మకు ఆవాహన లేదు, అది ఎవరినీ చూడదు. నటుడు చూసింది కెమెరా కటకంలోకి. ఈ లెక్కన సినిమా దర్శనం కాదు.

కానీ జనం ఈ నియమాన్ని ఎన్నడూ పూర్తిగా పాటించలేదు. రవివర్మ 1894లో ముద్రణాలయం పెట్టి లక్ష్మి, సరస్వతి చిత్రాలను రంగుల్లో అచ్చువేశాక, ఏ ప్రతిష్ఠా లేని ఆ కాగితపు బొమ్మలు లక్షల ఇళ్లలో పూజగదుల్లోకి చేరాయి. ఆ రవివర్మ ముద్రణాలయంలోనే కొంతకాలం పనిచేసిన దాదాసాహెబ్ ఫాల్కే, బొంబాయిలో క్రీస్తు జీవితచిత్రం చూసి, మన దేవుళ్లు కూడా ఇలా కదలాలన్న పట్టుదలతో 1913లో రాజా హరిశ్చంద్ర తీశాడు. ముద్రిత చిత్రం నుంచి కదిలే చిత్రానికి భక్తి అలా ఒకే చేతుల మీదుగా నడిచింది. 1975లో జై సంతోషీ మా ఆడిన హాళ్లలో జనం చెప్పులు విడిచి కూర్చున్నారు, తెర మీదికి నాణేలు, పూలు విసిరారు. 1987లో దూరదర్శన్‌లో రామాయణం మొదలయ్యాక ఆదివారం పొద్దున టీవీకి దండ వేసిన ఇళ్లున్నాయి.

తెలుగువారి విషయం చెప్పనే అక్కర్లేదు. 1960లో శ్రీవేంకటేశ్వర మాహాత్మ్యం వచ్చాక తిరుపతి వెళ్లిన యాత్రికులు మద్రాసు దాకా పోయి ఎన్టీ రామారావు ఇంటి ముందు నిలబడటం మామూలైంది. 1963లో లవకుశ వచ్చాక అంజలీదేవి ఎక్కడికి వెళ్లినా సీతమ్మే. ఈ భక్తిని మూఢత్వమని తోసిపుచ్చడం తేలిక, కానీ అన్యాయం. యాత్రికుడికి నటుడి పేరు తెలుసు, ఆయన వేరే సినిమాల్లో వేసిన వేషాలూ తెలుసు. తెలిసే నమస్కరించాడు. ఆ నమస్కారం మనిషికి కాదు, ఆ ముఖం గుర్తుచేసిన మూర్తికి.

దీన్ని రుజువు చేసే ఉదాహరణ ఒకటి దిల్‌సుఖ్‌నగర్‌కు బాగా సరిపోతుంది. 1978లో వచ్చిన కరుణామయుడులో యేసుక్రీస్తుగా కనిపించిన విజయచందరే 1986లో శ్రీ షిర్డీ సాయిబాబా మాహాత్మ్యంలో బాబాగా కనిపించాడు. మొదటి చిత్రాన్ని క్రైస్తవ ప్రచార బృందాలు ప్రొజెక్టర్లు మోసుకుంటూ ఊరూరా ఉచితంగా వేశాయి. హిందీలో దయాసాగర్ పేరుతో, ఇంకా అనేక భాషల్లో అది దేశమంతా తిరిగింది. రెండో చిత్రం తెలుగునాట సాయి భక్తి పల్లెలకు చేరడానికి తోడ్పడింది. ఒకే ముఖం ముందు ఒకచోట ప్రార్థన, మరోచోట హారతి. భక్తి ఆ ముఖానికే అంటుకుని ఉంటే ఇది జరగదు. ప్రేక్షకుడు తన మనసులో ముందే ఉన్న మూర్తిని ఆ ముఖం మీద నిలుపుకున్నాడు. ప్రాణప్రతిష్ఠ తెర మీద జరగలేదు, చూసేవాడి స్మరణలో జరిగింది.

స్మరణ అన్నప్పుడు భాగవతంలో ప్రహ్లాదుడు తండ్రికి చెప్పిన తొమ్మిది భక్తిమార్గాలను గుర్తుచేసుకోవాలి. శ్రవణం, కీర్తనం, స్మరణం, పాదసేవనం, అర్చనం, వందనం, దాస్యం, సఖ్యం, ఆత్మనివేదనం. ఈ వరసలో వినడం మొదటిది. చూడటం అసలు లేదు. భాగవతం దర్శనాన్ని తక్కువ చేసిందని దీనికి అర్థం కాదు. సాధకుడు చేయగలిగిన పని వినడం, తలుచుకోవడం. దర్శనం భగవంతుడు ఇవ్వాలి, సాధకుడు పూనుకుని చేసేది కాదు. ప్రహ్లాదుడు తల్లి గర్భంలోనే నారదుడి మాటలు విన్నాడు, స్తంభంలోంచి నరసింహుడు వచ్చింది ఆ తర్వాత ఎంతో కాలానికి. తెలుగులో మొదటి టాకీ, హెచ్.ఎం. రెడ్డి తీసిన భక్త ప్రహ్లాద, 1932లో ఈ కథతోనే రావడం విశేషం. మూకీ సినిమాకు లేనిది, టాకీతో తెర సంపాదించుకున్నది శ్రవణమే. ఎల్.వి. ప్రసాద్ వంటి వారు తొలి అడుగులు వేసిన ఆ రోజుల నుంచి తెలుగు పౌరాణికం పద్యం మీద, పాట మీద, సంభాషణ మీద నిలబడింది. కళ్లు మూసుకుని విన్నా లవకుశ సగానికి పైగా అందుతుంది. కనుక తెర మీది దేవుణ్ణి చూడటం శాస్త్రార్థంలో దర్శనం కాకపోయినా, బొమ్మ తోడుగా జరిగే పురాణశ్రవణం అనడానికి అడ్డేమీ లేదు. ఈ వ్యాసం నిలబడే చోటు ఇదే.

బొమ్మ తోడుగా కథ వినడం సినిమాతో పుట్టింది కాదు. ఇప్పటి సిద్దిపేట జిల్లాలోని చేర్యాల నకాశీ చిత్రకారులు గుడ్డ మీద పొడవైన పటాలు గీసేవారు. కథకులు ఆ పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ, ఒక్కో బొమ్మ చూపుతూ రాత్రంతా కథ చెప్పేవారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, చాకలివారికి మడేలు పురాణం, గౌడులకు గౌడ పురాణం. ఒగ్గుకథలో మల్లన్న, బీరప్ప కథలు పూజలో భాగంగానే సాగుతాయి. తోలుబొమ్మలాటలో గుడ్డ తెర, వెనక దీపం, ముందు జనం. సినిమా వచ్చేనాటికి తెలుగువారికి తెర ముందు కూర్చుని దేవుడి కథ వినడం అలవాటే. కొత్తగా వచ్చింది యంత్రమూ, టికెట్టూ.

ఈ పాత కళలన్నిటిలో ఒక పరిమితి ఉంది. చెప్పేవారు ఒక కులం, అడిగే హక్కున్నవారు మరో కులం, ఎవరి పురాణం వారిది. గుడి మండపంలో పురాణ కాలక్షేపం డబ్బు అడగలేదు గానీ మనిషిని అడిగింది. గడప బయటే ఆగిపోయినవారికి ఆ ఉచితం వర్తించలేదు. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్ మిత్ర మండలి స్థాపించి, అంటరానివారిగా దూరం పెట్టబడిన ప్రజల కోసం హరికథలు ఏర్పాటు చేయడం ఈ కొరత వల్లనే. గూడవల్లి రామబ్రహ్మం 1938లో మాలపిల్ల తీసి ఆలయప్రవేశాన్ని తెర మీద వాదించడం కూడా ఈ కొరత వల్లనే. సినిమా హాలు కులం అడగలేదు. టికెట్టు అడిగింది, టికెట్టును బట్టి నేల, బెంచీ, కుర్చీ అని విడగొట్టింది. గుడికి గడప ఉన్నట్టే సినిమాకు ధర ఉంది. ఆ రెంటినీ తీసేసిన చోటు కోసం వెతికితే తెలుగుదేశంలో గ్రంథాలయం ఎదురవుతుంది.

భరతుడి నాట్యశాస్త్రం మొదటి అధ్యాయం ఈ విషయాన్ని సూటిగా చెబుతుంది. నాలుగు వేదాలు వినే అవకాశం అందరికీ లేదు కనుక, అన్ని వర్ణాలకూ చెందే ఐదో వేదం కావాలని దేవతలు బ్రహ్మను అడిగారు. ఆయన ఋగ్వేదం నుంచి పాఠ్యం, సామం నుంచి గీతం, యజుస్సు నుంచి అభినయం, అథర్వం నుంచి రసం తీసుకుని నాట్యవేదం చేశాడు. మొదటి ప్రదర్శనలో దేవతలు గెలిచి అసురులు ఓడే కథ వేశారు. చూస్తున్న అసురులు అది తమకు అవమానమని గొడవ చేశారు. బ్రహ్మ వాళ్లను పంపించివేయలేదు. ఇది ఒక్క దేవతలదే కాదు, మూడు లోకాల భావాలకూ అనుకరణమని నచ్చజెప్పాడు. ప్రదర్శనకు ముందు రంగపూజ తప్పనిసరి అన్న శాస్త్రమే, ప్రదర్శన ఎవరి పక్షమూ కాకూడదని కూడా చెప్పింది. గ్రంథాలయంలో పౌరాణికం వేయడం గురించి ఎంత ఆలోచించినా దీన్ని మించిన సూత్రం దొరకడం కష్టం. కథలో ఓడిపోయిన పక్షంవారికి కూడా హాలులో చోటుండాలి.

తెలంగాణలో గ్రంథాలయం ఇలాంటి చోటుగానే మొదలైంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి మలక్‌పేట, చాదర్‌ఘాట్ దాటితే వచ్చే కోఠి ప్రాంతంలో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, నాయని వెంకట రంగారావు దాని వెనుక నిలిచారు. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం వచ్చింది. ఆంధ్ర ప్రాంతంలో అయ్యంకి వెంకటరమణయ్య, గాడిచర్ల హరిసర్వోత్తమరావు దీన్ని ఉద్యమం చేశారు. చదువు రానివారికి పత్రిక చదివి వినిపించడం, హరికథలు, ఉపన్యాసాలు పెట్టడం ఆ ఉద్యమంలో భాగం. పుస్తకం ఇచ్చి పుచ్చుకోవడంతోనే తమ పని తీరిందని వారెన్నడూ అనుకోలేదు. కనుక గ్రంథాలయంలో సినిమా వేయడాన్ని ఈనాటి వింతగా భావించనక్కర్లేదు. చదివి వినిపించిన సంప్రదాయానికి అది కొనసాగింపు.

ఇక ప్రేక్షకుడి మనసులో జరిగేది. అభినవగుప్తుడు సుమారు వెయ్యేళ్ల కిందట కాశ్మీరంలో రాసిన నాట్యశాస్త్ర వ్యాఖ్యలో రసానుభవానికి అడ్డొచ్చే ఏడు విఘ్నాలను లెక్కపెట్టాడు. వాటిలో ఒకటి, చూసేవాడు తన సొంత సుఖదుఃఖాలలో చిక్కుకుని ఉండటం. రేపటి పరీక్ష, నెలాఖరు అద్దె, ఇంట్లో గొడవ మనసులో తిరుగుతుంటే ఎదుట ఏం జరిగినా అందదు. పాట, వాద్యం, రంగమండపం ఆ చిక్కును సడలించడానికే ఉన్నాయన్నాడు. సడలినప్పుడు సీత దుఃఖం ఫలానా యుగంలో ఫలానా స్త్రీకి కలిగిన దుఃఖంగా ఉండదు. చూసేవాడి సొంత దుఃఖంగానూ ఉండదు. ఎవరిదీ కాని, అందరిదీ అయిన భావమవుతుంది. భట్టనాయకుడు మొదలుపెట్టిన ఈ ఆలోచననే సాధారణీకరణం అంటారు. తరువాతి కాలంలో రూపగోస్వామి, మధుసూదన సరస్వతి భక్తిని కూడా రసమే అన్నారు. వారి దృష్టిలో కావ్యం చూసి కరిగిన మనసుకూ, భగవంతుడి కథ విని కరిగిన మనసుకూ మధ్య గోడ పలచన.

ఈ వాదాన్ని తెలుగు సినిమా తనకు తెలియకుండానే ఒక వస్తువు రూపంలో చూపించింది. కె.వి. రెడ్డి 1957లో విజయా సంస్థకు తీసిన మాయాబజార్‌లో ప్రియదర్శిని అనే పేటిక ఉంది. మూత తెరిచి చూసినవారికి అందులో తమకు అన్నిటికన్నా ప్రియమైనది కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు, రేవతికి నగలు, బలరాముడికి దుర్యోధనుడు. చూసేది ఒకే పెట్టె, కనిపించేది ఎవరి కోరిక వారికి. ఈనాటి చేతి ఫోను సరిగ్గా ఆ ప్రియదర్శిని. నిన్న ఏం చూశారో గుర్తుపెట్టుకుని, అలాంటిదే ఇవాళ ముందుకు తెస్తుంది. భక్తి కూడా అందులో ఎవరికి నచ్చిన దేవుడి పాటగా, ఎవరికి నచ్చిన ప్రవచనంగా ఒంటరిగా నడుస్తుంది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ గదిలో మంచం మీద పడుకుని చూసే మాయాబజారుకూ, అదే చిత్రాన్ని నలభై మంది అపరిచితుల మధ్య చూడటానికీ ఉన్న తేడా ఇక్కడుంది. హాలులో తెర ఎవరి ఇష్టాన్నీ అడగదు. ముందుకు జరపడం కుదరదు. తనకు విసుగనిపించిన పద్యానికి పక్కవాడు తల ఊపుతాడు, తనకు నవ్వు రాని చోట ముందు వరస ముసలమ్మ నవ్వుతుంది. ఇతరుల రసజ్ఞత తోడై తన చూపు విశాలమవుతుంది. అభినవగుప్తుడు చెప్పిన సడలింపుకు ఇంతకన్నా సులువైన దారి లేదు.

మాయాబజారు మరో చిక్కును కూడా ముందుంచుతుంది. శశిరేఖాపరిణయం వ్యాసభారతంలో లేదు. అది జనం కల్పించుకున్న కథ. అందులో కృష్ణుడున్నాడు, ఘటోత్కచుడున్నాడు, అయినా అది పురాణం కాదు. మరి దాన్ని చూసి చేతులు జోడించడం ఏ శ్రవణం కిందికి వస్తుంది? పండితుడు ఒప్పుకోకపోవచ్చు. కానీ పటం కథల్లోని కులపురాణాలూ వ్యాసుడివి కావు. తెలుగువారు దేవుణ్ణి తమ ఇంటి పెళ్లి తగవుల్లోకి లాక్కొచ్చి మాట్లాడించడం ఎప్పుడూ చేసిన పనే. ఆ చనువు సఖ్యభక్తిలో చేరుతుందనడమే న్యాయం.

రసంలో కరగడం గురించిన ఈ వాదానికి ఎదురుగా బలమైన అభ్యంతరం ఒకటుంది. రమణ మహర్షి సినిమా తెరను ఉపమానంగా చాలాసార్లు వాడారు. మునగాల వెంకటరామయ్య 1935 నుంచి 1939 వరకు నమోదు చేసిన సంభాషణల్లో అది మళ్లీ మళ్లీ వస్తుంది. తెర మీద మంటలు కనిపిస్తాయి, తెర కాలదు. వరద కనిపిస్తుంది, తెర తడవదు. బొమ్మల్లో మునిగినవాడికి తెర గుర్తుండదు, ఆత్మను మరిచి ప్రపంచంలో మునగడం కూడా అలాంటిదే. ఈ దృష్టితో చూస్తే రసంలో కరగడం మరో మరపే, దేవుడి బొమ్మ అయినా సరే. ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పౌరాణిక చిత్రాలు చూసి చూసి, దేవుడంటే కిరీటం, నీలం రంగు, మద్రాసు స్టూడియో మేఘాలు అని మనసులో గడ్డకట్టుకుపోయిన తరాలున్నాయి. ఊహకు ఆ బొమ్మ సంకెల అయింది కూడా. అయితే మహర్షి బొమ్మలను చూడవద్దనలేదు, చూస్తున్నదెవరో కనుక్కోమన్నారు. చిత్రం పూర్తయ్యాక దీపాలు వెలిగి, చూసినదాని గురించి పది నిమిషాలు మాట్లాడుకునే వీలున్న చోట ఆ విచారణకు కొంతైనా అవకాశం దొరుకుతుంది. సినిమా హాలులో ఆ సమయానికి తరువాతి ఆట జనం తలుపు దగ్గర ఉంటారు.

ఇక మొదట్లో అడిగిన పన్ను ప్రశ్న. గ్రంథాలయం ప్రభుత్వానిది, లేదా చట్టం కింద ఏర్పడిన సంస్థది. 1960 నాటి ప్రజా గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. ఆ సెస్సు కట్టేవారిలో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు, ఏ దేవుణ్ణీ నమ్మనివారు అందరూ ఉన్నారు. ఏ ఒక్క మతాన్ని పెంచడానికో పోషించడానికో ప్రత్యేకించిన పన్ను కట్టమని ఎవరినీ నిర్బంధించరాదని రాజ్యాంగం 27వ అధికరణం చెబుతుంది. ఉద్దేశం ఇక్కడ కీలకం. లవకుశను తొలి పూర్తిస్థాయి తెలుగు రంగుల చిత్రంగా, సి. పుల్లయ్య ఆరంభించి సి.ఎస్. రావు పూర్తిచేసిన కృషిగా, ఘంటసాల సంగీతంగా, రామాయణంలోని ఉత్తరకాండపై ఒక వ్యాఖ్యానంగా చూపితే అది అల్మారాలో రామాయణాన్ని ఉంచడం లాంటి పనే. అదే చిత్రానికి ముందు కొబ్బరికాయ కొట్టి, హారతి ఇచ్చి, ప్రసాదం పంచితే గ్రంథాలయం మండపమైపోతుంది. మతాల గురించి బోధించడం వేరు, మతాన్ని బోధించడం వేరు అన్న విభజనను 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు పాఠశాలల సందర్భంలో ఆమోదించింది. గ్రంథాలయానికీ అదే కొలత సరిపోతుంది.

కరుణామయుడు ఈ కొలతకు మంచి పరీక్ష. ఊళ్లలో దాన్ని ఉచితంగా చూపినవారి ఉద్దేశం సువార్త ప్రచారం. వారు దాన్ని దాచుకోలేదు, వారి డబ్బుతో చూపారు, అది వారి హక్కు. గ్రంథాలయం అదే చిత్రాన్ని చూపవచ్చు, చూపాలి కూడా, కానీ ఆ ఉద్దేశంతో కాదు. ముస్లిం ప్రేక్షకుల విషయంలో మరో సున్నితం ఉంది. ముస్తఫా అక్కద్ 1976లో ఇస్లాం ఆవిర్భావంపై తీసిన ద మెసేజ్‌లో ప్రవక్త రూపం ఒక్క చోటా కనిపించదు, గొంతు వినిపించదు. కెమెరా ఆయన చూపుగా మారి, ఎదుటివారు కెమెరాతో మాట్లాడతారు. చూపడమే భక్తి అయిన సంప్రదాయం, చూపకపోవడమే భక్తి అయిన సంప్రదాయం, ఈ రెండూ దిల్‌సుఖ్‌నగర్ నుంచి మలక్‌పేట దాకా ఒకే రోడ్డు మీద కలిసి బతుకుతున్నాయి. ఒక నెల లవకుశ, మరో నెల ద మెసేజ్, ఇంకో నెల కరుణామయుడు వేసి, మూడింటికీ ఒకే ప్రేక్షకులు వచ్చేలా చేయగలిగితే ఆ గ్రంథాలయం నాట్యశాస్త్రంలోని బ్రహ్మ చేసిన పనే చేసినట్టు. ఎవరి చిత్రానికి వారే వస్తే పాత కులపురాణాల పద్ధతే కొత్త హాలులో కొనసాగుతుంది.

ఉచితం అన్న మాటను కూడా పరిశీలించాలి. రవీంద్రభారతి ఆవరణలోని పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటరులో భాషా సాంస్కృతిక శాఖ సినివారం పేరుతో శనివారాలు ఉచితంగా చిత్రాలు వేసింది. అక్కడ టికెట్టు లేదు, కానీ ఖర్చు ఉంది, దాన్ని ప్రజలే ముందుగా కట్టారు. గ్రంథాలయంలోనూ అంతే. కనుక ఇది దాత పుణ్యం సంపాదించే దానం కాదు. ధర్మశాస్త్రాలు చెప్పే ఋణాల్లో ఋషిఋణానికి ఇది దగ్గర. పూర్వుల నుంచి అందుకున్న విద్యను చదివి, ముందు తరానికి అప్పగించడం వల్ల తీరే అప్పు అది. తీర్చినవాడు గొప్పవాడూ కాడు, పుచ్చుకున్నవాడు తక్కువవాడూ కాడు. ఉచిత ప్రదర్శనకు వచ్చినవారిని దయ పొందినవారిగా చూసే నిర్వాహకుడు ఈ సంగతి మరిచినట్టే.

కాపీరైటు చట్టం కూడా ఈ ఋణాన్ని తనదైన తీరులో గుర్తిస్తుంది. భారతదేశంలో సినిమాపై హక్కు విడుదలైన సంవత్సరం తరువాత 60 ఏళ్లు. మాయాబజారు 2018 జనవరి 1న, లవకుశ, నర్తనశాల 2024 జనవరి 1న ఆ గడువు దాటాయి. జనం కథల నుంచి తీసుకున్న చిత్రాలు తిరిగి జనానికి చేరాయి. అయినా అప్పంతా తీరిపోలేదు. పాటల సాహిత్యం, బాణీల మీద హక్కు వాటి కర్తలు మరణించాక 60 ఏళ్లు ఉంటుంది. మాయాబజారుకు పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో, ఘంటసాల 1974లో కన్నుమూశారు. 2010లో రంగులద్దిన మాయాబజారు వేరే కృషి, దాని హక్కుల లెక్క వేరు. గ్రంథాలయం మార్కస్ బార్ట్‌లీ తీసిన నలుపు తెలుపు ప్రతినే ఎంచుకోవడం చట్టానికీ మంచిది, కళకూ మంచిది. రచయితల వారసులకు చెందవలసింది ఏమైనా ఉంటే సెస్సు నిధి నుంచి చెల్లించి, ఆ సంగతి తలుపు దగ్గర రాసి పెట్టడం సరైన పద్ధతి. ప్రేక్షకుడికి ఉచితమైనంత మాత్రాన పద్యం రాసినవాడికి అది ఉచితం కానక్కర్లేదు.